చీలమండ మాటిమాటికీ మడత పడుతోంది – లిగమెంట్ ఆపరేషన్ చేయించుకోవాలా? (రాయగడ)

నాగావళి_స్మాష్ (రాయగడ)

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. మందుల డెలివరీ ఉద్యోగం, రోజంతా బైకు మీదే. సాయంత్రాలు వాలీబాల్. కాలేజీలో ఉన్నప్పుడు బ్లాక్ చేసి దిగుతుంటే అవతలి కుర్రాడి పాదం మీద నా కుడికాలు పడి చీలమండ లోపలికి తిరిగిపోయింది. టెన్నిస్ బంతంత వాపు. అది తగ్గిపోయింది గానీ అప్పట్నుంచి అదే కాలు ఊరికే మడత పడుతోంది. కోర్టులోనే కాదు, సంతలో చిన్న రాయి మీద అడుగు పడినా చాలు. నొప్పి రెండు రోజుల్లో పోతుంది, భయం మాత్రం పోదు. మెట్లు దిగేటప్పుడు నేల చూసుకుంటూ దిగుతున్నాను.

విశాఖలో ఎముకల డాక్టరుకి చూపించాను. మడమ పట్టుకుని పాదాన్ని ముందుకి లాగి చూశారు, రెండో కాలితో పోల్చారు. ఎమ్మారైలో ఏటీఎఫ్ఎల్ (చీలమండ బయటివైపు ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు) పాతగా తెగి సన్నబడిందని వచ్చింది. బ్రాస్ట్రమ్ రిపేర్ అనే ఆపరేషన్ చేయొచ్చు, ముందు ఫిజియో సరిగ్గా చేసి చూడు అన్నారు. ఇంట్లో అమ్మ పసరు కట్టు కట్టిద్దామంటోంది. మావయ్యేమో ఆపరేషన్ చేస్తే కాలు బిగుసుకుపోతుంది, వద్దంటున్నారు. ఎవరైనా చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. నెట్‌లో చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

పర్లా_టీచరమ్మ (పర్లాకిమిడి)

తమ్ముడూ, నేను చేయించుకున్నాను. ఎడమకాలు. స్కూలు వరండా అంచు మీద మొదలైంది నాది. తర్వాత ఏళ్ల తరబడి ఇదే బాధ. రోడ్డు దాటుతూ పడిపోయాక ఇంక ఆగలేదు. ఇప్పుడు పాతపట్నం వైపు పొద్దున్న నడకకి వెళ్తున్నాను, కాలు నా మాట వింటోంది.

అయితే ఒకటి చెప్పాలి. ఆపరేషన్ రోజు ఏమంత కష్టం కాదు. నడుముకి మత్తు ఇచ్చారు, మాటలు వినపడుతూనే ఉన్నాయి, అయిపోయింది. కష్టమంతా ఇంటికొచ్చాక. కాలు నేల మీద పెట్టకూడదు అన్నారు కదా, మా ఇంట్లో బాత్రూము పెరట్లో ఉంది, రెండు మెట్లు దిగాలి. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి. దాని గురించి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. చివరికి మా ఆయన మధ్యలో కన్నం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెతికి తెచ్చారు. నువ్వు చేయించుకునేట్టయితే ముందు ఇల్లు చూసుకో. వాకర్ గుమ్మంలోంచి పడుతుందా, మంచం ఎత్తు సరిపోతుందా, నీళ్లు పడకుండా కాలికి కవరు కట్టుకుని స్నానం చేయడానికి స్టూలు ఉందా. ఇవి చిన్న విషయాలు కావు.

జయపురం_రావు (జయపురం)

నా అనుభవం వేరు. నాకూ ఆపరేషన్ రాసిచ్చారు. నేను కొరాపుట్‌లో ఒక ఫిజియో దగ్గర పట్టుబట్టి వ్యాయామం చేశాను. ఇప్పుడు ఘాట్ రోడ్డు పక్కన కొండ ఎక్కి దిగుతున్నాను, మడత పడడం లేదు. కోత లేకుండా తగ్గేదానికి కోత ఎందుకు? కుర్రాడివి, తొందరపడకు.

కొండబాట (పొట్టంగి దగ్గర)

ఫాలో అవుతున్నాను. ఊళ్లు తిరిగే పని నాది, వర్షాకాలంలో పొలం గట్ల మీద ఇదే సమస్య.

ఆర్థో_పీజీ (స్వస్థలం గుణుపురం)

నేను ఆర్థోపెడిక్స్ పీజీ చేస్తున్నాను. మీ కాలు చూడకుండా చెయ్యాలా వద్దా అని చెప్పలేను గానీ, లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీ డాక్టరుతో మాట్లాడడం తేలికవుతుంది.

చీలమండ బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. ముందున్నది ఏటీఎఫ్ఎల్. బయట పొడుచుకొచ్చిన ఎముక నుంచి ముందున్న టేలస్ ఎముకకి వెళ్తుంది. మూడింట్లో బలహీనమైనది ఇదే. పాదం కిందికి వంగి లోపలికి తిరిగినప్పుడు, అంటే గెంతి దిగేటప్పుడు, మొదట ఇదే తెగుతుంది. దెబ్బ గట్టిదైతే మడమ ఎముకకి వెళ్లే రెండో లిగమెంటు సీఎఫ్ఎల్ కూడా తెగుతుంది. వెనకున్న మూడోది చాలా అరుదు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటాయి. కొందరికి మాత్రం సాగిపోయి, పొడవుగా అతుక్కుంటాయి. అప్పుడు కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు మీ మడమ పట్టుకుని ముందుకి లాగి చూసింది ఆ వదులునే. ఎమ్మారై కదలకుండా పడుకోబెట్టి తీసే బొమ్మ కాబట్టి లిగమెంటు ఎలా ఉందో చూపిస్తుంది గానీ కీలు ఎంత కదులుతోందో చేతికే తెలుస్తుంది. అవసరమైతే కాలు వంచి పట్టుకుని ఎక్స్‌రే తీస్తారు.

రావు గారికి తగ్గింది, టీచరమ్మ గారికి ఆపరేషన్ కావలసి వచ్చింది. రెండూ నిజమే. ఎందుకంటే మడత పడడానికి కారణాలు రెండు. ఒకటి లిగమెంటు నిజంగా వదులు కావడం. రెండోది, లిగమెంటులో ఉండే నరాల కొసలు దెబ్బతిని, పాదం ఎటు వంగుతోందన్న కబురు మెదడుకి ఆలస్యంగా చేరడం. పిక్క బయటివైపు పెరోనియల్ కండరాలు ఉంటాయి, పాదం లోపలికి తిరిగిపోకుండా వెనక్కి లాగేవి అవే. కబురు ఆలస్యమైతే అవీ ఆలస్యంగా లేస్తాయి, ఈలోగా కాలు మడత పడిపోతుంది. ఈ రెండోదాన్ని వ్యాయామం బాగు చేస్తుంది. కత్తి బాగు చేయలేదు. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. అందుకే 3 నుంచి 6 నెలలు సరైన ఫిజియో చేసి, అప్పటికీ కాలు జారిపోతూ ఉంటే, పరీక్షలో వదులు కూడా కనిపిస్తే ఆపరేషన్ మాట ఎత్తుతాం.

నాగావళి_స్మాష్

థాంక్యూ డాక్టరు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి ఈ బ్రాస్ట్రమ్‌లో ఏం చేస్తారు? మావయ్య చెప్పినట్టు బిగుసుకుపోతుందా?

పాత_కబడ్డీ (రాయగడ)

మావయ్య గారి భయం ఊరికే పుట్టింది కాదు బాబూ. నేను పేపరు మిల్లు నుంచి రిటైరయ్యాను. కబడ్డీ ఆడే రోజుల్లో నాకూ చీలమండకి ఆపరేషన్ జరిగింది. పక్కనున్న నరం లాంటి బలమైన తాడు ఒకటి తీసి ఎముకకి రంధ్రం చేసి దూర్చి కట్టారు. మడత పడడం ఆగింది, అది నిజం. కానీ పాదం పక్కలకి తిరగదు. చదును నేల మీద బాగానే నడుస్తాను. మజ్జిగౌరమ్మ గుడి జాతరకి జనంలో నిలబడగలను, ఏటి ఒడ్డున రాళ్ల మీద మాత్రం నడవలేను. ఈ మధ్య ఉదయం లేవగానే నొప్పి కూడా మొదలైంది. అది ఇప్పటి పద్ధతేనా, వేరా? నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఆర్థో_పీజీ

పెద్దాయనా, మీరు చెప్పింది వింటే అది పాత తరహా ఆపరేషన్‌లా ఉంది. వాట్సన్ జోన్స్, ఎవాన్స్, క్రిస్మన్ స్నూక్ అని కొన్ని పద్ధతులు ఉండేవి. పెరోనియస్ బ్రెవిస్ అనే స్నాయువును (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) పూర్తిగానో సగం చీల్చో తీసి, ఎముకలోంచి దూర్చి కట్టేవాళ్లు. అందులో చిక్కు రెండు రకాలు. కాలు మడత పడకుండా కాపాడే కండరం తాడునే వాడేస్తున్నాం. పైగా అది సహజంగా లిగమెంటు ఉండే దారిలో వెళ్లదు, చీలమండ కింద ఉండే రెండో కీలును కూడా కట్టేస్తుంది. ఏటవాలు నేల మీద పాదం సర్దుకునేది ఆ కింది కీలు వల్లే. అందుకే మీకు రాళ్ల మీద కష్టం. ఉదయం నొప్పికి మాత్రం ఒకసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి. కీలు అరుగుదల మొదలైతే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

స్మాష్ తమ్ముడికి చెప్పింది వేరు. స్వీడన్ డాక్టరు లెన్నార్ట్ బ్రాస్ట్రమ్ 1966లో ప్రచురించిన పద్ధతి అది. వేరే స్నాయువు ఏదీ తీయరు. సాగిపోయిన సొంత లిగమెంటునే పొట్టి చేసి, దాని అసలు చోటులోనే ఎముకకి కుట్టేస్తారు. వదులైన నవారు మంచాన్ని మళ్లీ బిగించడం లాంటిదే. 1980లో నథానియెల్ గౌల్డ్ అనే అమెరికన్ సర్జన్ దీనికి ఒక అదనపు పొర కలిపారు. పాదం పైన అడ్డంగా ఉండే రెటినాక్యులమ్ అనే పట్టీని కూడా లాగి ఆ కుట్టు మీద కుట్టడం. ఇవాళ చాలాచోట్ల చేసేది ఈ బ్రాస్ట్రమ్ గౌల్డ్ పద్ధతే. బయటి ఎముక ముందు చిన్న కోత, ఎముకలో మేకుల్లాంటి చిన్న యాంకర్లు, వాటి దారాలతో లిగమెంటు బిగింపు. చాలామంది సర్జన్లు అదే పూట ఆర్థ్రోస్కోపు అనే సన్నని కెమెరా గొట్టం పెట్టి కీలు లోపల చూస్తారు, ఎందుకంటే ఏళ్లతరబడి మడత పడ్డ కాలిలో టేలస్ మీది మృదులాస్థి (ఎముకను కప్పే నున్నటి పొర) చెదిరి ఉండొచ్చు. ఆ దెబ్బను వదిలేసి లిగమెంటు ఒక్కటే బిగిస్తే నొప్పి అలాగే ఉంటుంది, మనవాళ్లు ఆపరేషన్ ఫెయిలయిందంటారు.

ఫలితాలు సాధారణంగా బాగుంటాయి. సరిగ్గా ఎంచుకున్న రోగుల్లో నూటికి 85 మందికి పైగా సంతృప్తిగా ఉన్నారని చాలా అధ్యయనాలు చూపించాయి. కొంత బిగుసు మొదట్లో అందరికీ ఉంటుంది, ఎక్కువమందికి వ్యాయామంతో వదులుతుంది.

పర్లా_టీచరమ్మ

అవును, నాకు మొదట్లో పాదం ఇనప ముక్కలా ఉండేది. మెల్లగా వదిలింది. పాదం పైన ఒక చోట మాత్రం ఇప్పటికీ తిమ్మిరి. చీర కుచ్చెళ్లు తగిలినా తెలియదు అక్కడ. ఇది మామూలేనా డాక్టరు గారూ?

ఆర్థో_పీజీ

కోతకి దగ్గరలోనే చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాల కొమ్మలు ఉంటాయమ్మా. అవి లాగబడినా తెగినా పాదం పైనో బయటి అంచునో తిమ్మిరి వస్తుంది. చాలావరకు నెలల మీద తగ్గుతుంది, కొందరికి చిన్న చోట మిగులుతుంది. నడకకి అడ్డం కాదు. కానీ ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉంటే మాత్రం చూపించుకోవాలి.

గుణుపురం_గృహిణి

మా అమ్మాయికి 17 ఏళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. తన రెండు చీలమండలూ ఇలాగే. బొటనవేలు వంచితే ముంజేతికి తగులుతుంది, మోకాళ్లు వెనక్కి వంగుతాయి. అందరూ ఒళ్లు మెత్తన అని మెచ్చుకుంటారు. తనకీ ఇదే ఆపరేషనా?

ఆర్థో_పీజీ

అక్కా, మీరు చెప్పింది ముఖ్యమైన విషయం. కీళ్లన్నీ పుట్టుకతోనే వదులుగా ఉండేవాళ్లుంటారు. దాన్ని కొలవడానికి 9 మార్కుల బైటన్ స్కోరు అని ఒకటుంది, బొటనవేలు, చిటికెనవేలు, మోచేయి, మోకాలు, వంగి నేలకి అరచేతులు ఆనించడం అన్నీ అందులో చూస్తారు. అలాంటివాళ్ల సొంత లిగమెంటు నాణ్యతే మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్నే బిగిస్తే మళ్లీ సాగే ప్రమాదం ఎక్కువ. వాళ్లకి, బరువు బాగా ఎక్కువున్నవాళ్లకి, ఒకసారి చేసి విఫలమైనవాళ్లకి తొడ వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్త లిగమెంటు కట్టడమో, బ్రాస్ట్రమ్ కుట్టు మీద లోపలే గట్టి దారపు టేపు దన్ను వేయడమో ఆలోచిస్తారు. మీ అమ్మాయికి మాత్రం మొదట కండరాల బలం, బ్యాలెన్సు. నాట్యం ఆపమని నేను అనను. గురువుగారితో మాట్లాడి, నొప్పి ఉన్న రోజుల్లో మండీలు, గెంతులు తగ్గించండి.

ఇంకోటి అందరికీ. మీ పాత చెప్పులు తిరగేసి చూడండి. మడమ బయటి అంచు బాగా అరిగిపోయి, వెనక నుంచి చూస్తే మడమ లోపలికి వాలి, పాదం వంపు ఎత్తుగా ఉంటే, ఆ పాదం ఆకారమే కాలును బయటికి పడదోస్తోంది. దాన్ని సరిచేయకుండా లిగమెంటు బిగిస్తే అది మళ్లీ తెగొచ్చు. అలాంటప్పుడు మడమ ఎముకను కోసి కాస్త జరిపే ఆపరేషన్ కూడా కలిపి చేయాల్సి రావచ్చు. డాక్టరు వెనక నుంచి మీ మడమలు చూశారా లేదా గుర్తు తెచ్చుకోండి. చూడకపోతే మీరే అడగండి, తప్పు లేదు.

నాగావళి_స్మాష్

ఇప్పుడే చెప్పులు చూశాను. రెండూ సమానంగానే అరిగాయి. మోకాళ్లు, వేళ్లు కూడా మామూలే. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఫిజియో_లక్ష్మి (బరంపురం)

ఈ చర్చ ఆలస్యంగా చూశాను. నేను చెప్పాలనుకున్నది ఒకటే. మన సరిహద్దు జిల్లాల వాళ్లు ఎక్కడ ఆపరేషన్ చేయించుకోవాలి అని అడుగుతారు. విశాఖా, బరంపురమా, భువనేశ్వరమా అని. తర్వాత 3 నెలలు ఎక్కడ ఉంటారు, ఎవరు చేయిస్తారు అని ఎవరూ అడగరు. ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పించుకుని రైలెక్కి ఊరెళ్లిపోతారు. మళ్లీ కనపడరు. నెలల తర్వాత పిక్క సన్నబడి, పాదం బిగుసుకుపోయి వస్తారు. కుట్టు బాగానే ఉంటుంది, కాలు మాత్రం నడవదు. నన్ను బాధపెట్టేది ఇదే.

సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది, సర్జన్‌ని బట్టి మారుతుంది. మొదటి 2 వారాలు పిండికట్టు, కాలు ఎత్తులో, బరువు మోపకుండా. తర్వాత చీలమండ కదలకుండా పట్టే బూటు. అందులో మెల్లగా బరువు మోపడం, పాదాన్ని పైకీ కిందికీ కదపడం. లోపలికి తిప్పడం మాత్రం దాదాపు 6 వారాల దాకా వద్దు, కుట్టు మీద లాగుడు పడేది ఆ దిశలోనే. ఆ తర్వాత బ్రేసు, కండరాల బలం, ఒంటికాలి మీద నిలబడడం. 3 నెలల ప్రాంతంలో తిన్నగా పరుగు. ఆటలోకి 4 నుంచి 6 నెలలకి, అదీ ఒంటికాలి గెంతు రెండో కాలికి సమానంగా వచ్చాక. తేదీ చూసి కాదు.

వ్యాయామానికి పెద్ద సామాను అక్కర్లేదు. సైకిలు షాపులో పాత ట్యూబు అడగండి. మంచం కోడుకి కట్టి, పాదం ముందు భాగానికి తగిలించి, మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి లాగాలి, లెక్కపెట్టుకుంటూ మెల్లగా వదలాలి. లాగడం కంటే వదలడం ముఖ్యం, అందరూ అక్కడే ఠక్కున వదిలేస్తారు. పళ్లు తోముకుంటున్నంతసేపు ఒంటికాలి మీద నిలబడండి, గోడ చేతికందేలా ఉండాలి. తేలికైతే కళ్లు మూసుకోండి, అదీ తేలికైతే మడతపెట్టిన దుప్పటి మీద. ఇదే ఆపరేషన్‌కి ముందూ, తర్వాతా. ముందు చేసింది వృథా పోదు, బలంగా ఉన్న కాలు తర్వాత త్వరగా కోలుకుంటుంది.

పసరు కట్టు గురించి. అమ్మగారి ప్రేమ అర్థమవుతుంది. పై పూత వల్ల హాని లేదనుకున్నా, గట్టిగా లాగి సరిచేయడం, వాపు మీద వేడినూనె మర్దన వద్దు. కొత్తగా బెణికినప్పుడు నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎముక విరిగి ఉండొచ్చు.

జయపురం_రావు

లక్ష్మి గారు చెప్పిన ట్యూబు, దుప్పటి... నన్ను నిలబెట్టింది అవే. ఒక్క మాట, తమ్ముడికి నిజంగా వదులు ఉంటే ఆపరేషన్ చేయించుకోవడం తప్పని నేను అనడం లేదు. ముందు ఫిజియో అన్నది మాత్రం వదలను.

కొండబాట

ఫిజియోకి రోజూ కొరాపుట్ వెళ్లిరావడం మా వైపు కుదరదు. ఒక రోజు బస్సు తప్పితే పని పోతుంది. వీడియో కాల్‌లో అవుతుందా?

ఫిజియో_లక్ష్మి

అవుతుంది. మొదటిసారి మాత్రం చేతితో చూడాలి, తర్వాత నెలకోసారి. మధ్యలో వీడియో చాలు. సిగ్నల్ లేకపోతే వీడియో తీసి, సంతకి వచ్చినప్పుడు పంపించండి. ఫోను నేల ఎత్తులో పెట్టి వెనక నుంచి తీయండి, మడమ ఎటు వాలుతోందో కనపడాలి. ముఖం అక్కర్లేదు.

నాగావళి_స్మాష్

ఖర్చు సంగతి? మాది ఒడిశా కార్డు. నాన్న విశాఖలో చెల్లదంటున్నారు.

పర్లా_టీచరమ్మ

ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి వాళ్లకి, మనకి కాదు. అయితే 2025 ఏప్రిల్ నుంచి మనకి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపిన కార్డు వచ్చింది కదా. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. రాష్ట్రం దాటినా ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో వాడుకోవచ్చు. నీ ఆపరేషన్ పేరు రాయించుకుని, చేరకముందే కార్డు కౌంటర్లో చూపించి ప్యాకేజీలో ఉందా, యాంకర్లూ టేపూ అందులోనే వస్తాయా అని అడుగు. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకో. మా చుట్టాలమ్మాయి విషయంలో ఇంప్లాంట్ ఖర్చు బిల్లు రోజు బయటపడింది, అప్పటికప్పుడు గొలుసు తాకట్టు పెట్టారు.

ఆర్థో_పీజీ

ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే: సిగరెట్టు, గుట్కా ఉంటే ముందే మానేయాలి, నికోటిన్ వల్ల గాయం త్వరగా మానదు. ఇంటికెళ్లాక పిక్క వాచి గట్టిపడినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమోనని వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి, విశాఖ దాకా ఆగకూడదు. జ్వరం, కుట్ల దగ్గర చీము కూడా అంతే. కుడికాలు కాబట్టి బైకు వెనక బ్రేకు ఆ కాలితోనే. బూటు తీసి, గట్టిగా తొక్కితే నొప్పి లేదని తేలేదాకా బండి ముట్టొద్దు. ఉద్యోగంలో ఆ సెలవు దొరుకుతుందో లేదో ఇప్పుడే మాట్లాడుకో.

నాగావళి_స్మాష్

సరే. ఇంట్లో అందరికీ ఈ చర్చ చదివి వినిపించాను. పాత_కబడ్డీ గారి సంగతి, దానికి డాక్టరు గారి జవాబు విన్నాక మావయ్య కాస్త మెత్తబడ్డారు. సంక్రాంతి దాకా ఫిజియో గట్టిగా చేస్తాను. బరంపురం వచ్చి లక్ష్మి గారికి ఒకసారి చూపించుకుంటాను. అప్పటికీ కాలు జారుతుంటే ఆపరేషన్‌కి వెళ్తాను, మేనేజరుతో బండి పని బదులు స్టోర్‌లో కూర్చునే పని అడిగాను, చూద్దామన్నారు. అక్కా, ఈలోగా వాలీబాల్ పూర్తిగా మానేయాలా?

ఫిజియో_లక్ష్మి

మానేయక్కర్లేదు. నిలబడి సర్వీసు, నిలబడి పాస్ చేయి. నెట్ దగ్గర గెంతడం, బ్లాకు వద్దు, నీ కాలు మొదట పోయింది అక్కడే. లేసులు కట్టే చీలమండ బ్రేసు కొనుక్కో, మెత్తటి సాక్సు లాంటిది చాలదు. బ్రేసు ఆటకి మాత్రమే, ట్యూబు వ్యాయామానికి తీసేయాలి. వచ్చేటప్పుడు ఎమ్మారై ఫిల్ములు, రోజూ వేసుకునే చెప్పులు రెండూ తీసుకురా.